సమస్య: కొండపైన నలలు కొలువు దీరె

నిర్వాహకుడు: శేషాచలపు క్వార్ట్‌జైటు (ఇసుకరాయి గట్టిపడిన శిల) పలకల మీది ఇసుక ముడుతలను చూస్తుండగా తట్టిన పాదమిది. మహిమలతో గట్టెక్కవద్దు, రాయి ఒప్పుకొనే పూరణ కావాలి.

కడలికవి:
ఇసుక తీరమందు నెగసిన కడలియే
రాతిపొరల మీద వ్రాసి పోయె;
వేంకటాద్రి నేడు వీక్షింప నా జాడ
కొండపైన నలలు కొలువు దీరె.

గిరిధరుడు: "నేడు" అన్న ఒక్క మాటతో 100 కోట్ల ఏళ్ళకు పైబడిన కాలాన్ని దాటించారు, భేష్. అయితే "మీద వ్రాసి"లో "ద" గురువై (రెండు మాత్రల అక్షరమై) గణం చెడలేదా? పైగా రెండు వైపులా సమంగా వాలిన ముడుత అలల పని, ఒక పక్క నిటారుగా ఉన్నది ప్రవాహం పని. మీది ఏదో పద్యం చెప్పదు. తిరుమల కనుమదారిలో ఆ పలకల కిందే గ్రానైటు ఉంది, రెంటి నడుమ సుమారు 80 కోట్ల ఏళ్ళ శిలాచరిత్ర లోపించిందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. అంతటి చమత్కారాన్ని వదిలి "నా జాడ" అంటూ తమ జాడనే వెదుక్కున్నారు!

కడలికవి: "వ్రాసి" తెలుగు మాట, పైగా వేరు పదం, అందులోని రేఫ సంయుక్తం (ర-వత్తు) ముందున్న "ద"ను గురువు చేయదు. పోయిన సమస్యలో బొర్రా గుహలను గ్రానైటులో తొలిచినవారు మీరే కదా. నీరు కరిగించింది సున్నపురాయినని నలుగురూ చెప్పేదాకా మీరు దిగిరాలేదు. తమ పూరణ చూడాలని ఉంది.

గిరిధరుడు: బొర్రా సంగతి అక్కడే తేలిపోయింది. ఇదిగో:
తూర్పు నుండి యొత్త దొంతర మడతలై
నల్లమలలు లేచె నాట్యమాడి;
నీరు లేని చోట నిలువెత్తు ఱాతివై
కొండపైన నలలు కొలువు దీరె.

శిలాలేఖ: అలను సముద్రంలో వెదకకుండా శిలల మడతలోనే పట్టడం ఈ చర్చలో నాకు నచ్చిన మలుపు. నల్లమలలున్న కడప బేసిన్ (పూర్వం అవక్షేపాలు పేరుకున్న పల్లపు ప్రాంతం) తూర్పు భాగం తూర్పు నుండి వచ్చిన ఒత్తిడికి నలిగి మడతలు పడిందన్నది నిజమే. కానీ అరచేతిలో ఇమిడే మడత మొదలు కిలోమీటర్ల వెడల్పున్న మడత దాకా ఉండగా, "నిలువెత్తు" అని కొలత బిగించడం దేనికి? "నాట్యమాడి" యతి (పాదం తొలి అక్షరంతో నడిమి అక్షరానికి కుదిరే మైత్రి) కోసం వచ్చిన వ్యర్థపదం.

కడలికవి: "నల్లమలలు లేచె నడుము వంగి" అంటే యతీ నిలుస్తుంది, విల్లులా వంగిన ఆ శ్రేణి రూపమూ పద్యంలోకి వస్తుంది. గిరిధరులవారు అరువు తీసుకోవచ్చు, వడ్డీ అడగను.