దాళ్వా ముందు నీటి సంఘం సమావేశం: ఎజెండా ఎలా రాయాలి?

ప్రశ్న (అమలాపురం ప్రాంతం)

పెద్దలందరికీ నమస్కారం. మా నీటి వినియోగదారుల సంఘం సమావేశానికి ఎజెండా రాసే పని ఈసారి నాకు అప్పగించారు. ఇంతవరకు పంపుతున్న కాగితంలో ‘సాగునీరు, పూడికతీత, అధ్యక్షుల అనుమతితో ఇతర అంశములు’ అన్న మూడు వరుసలే ఉంటున్నాయి. ఎగువ రైతుల మాటలతోనే పొద్దుపోయి, కాలువ చివరనున్న శివారు భూముల సంగతి చీకటి పడ్డాక వస్తోంది. అప్పటికి ఆ రైతులే లేచి వెళ్లిపోతున్నారు. దాళ్వా (రబీ వరి) నారుమళ్లు పోసేలోగా ఒక్క సమావేశంలో నీటి వంతులు తేలాలంటే ఏం చేయాలి?

జవాబు (తణుకు ప్రాంతం)

ముందు మీ చేతిలో ఉన్నవీ లేనివీ వేరు చేయండి. గోదావరిలో సహజ ప్రవాహం తగ్గాక దాళ్వాకు సీలేరు జలాశయాల నుంచి వచ్చే నీరే పెద్ద ఆధారం కనుక, ఎంత ఆయకట్టుకు నీరిస్తారన్నది జిల్లా సాగునీటి సలహా మండలిలో తేలుతుంది. మీ ఊళ్లో ఎంత వాదించినా అది మారదు కాబట్టి, ‘సమాచారం’ అని రాసి చదివి వినిపిస్తే చాలు. వంతులు నిర్ణయించి అమలు చేసే బాధ్యతను మాత్రం నీటి సంఘాలను ఏర్పరచిన 1997 నాటి చట్టం సంఘానికే ఇచ్చింది. సమయమంతా దానికి దక్కాలి.

‘సాగునీరు’ అని రాస్తే ఎవరి గోడు వారు చెప్పుకుంటారు. ‘నీరు తగ్గిన వారాల్లో ఎగువ తూములను రాత్రిపూట మూసి శివారుకు వదలాలా? వదిలితే కాపలా ఎవరిది?’ అని రాస్తే, వచ్చేవారు జవాబు ఆలోచించుకునే వస్తారు. దాని కిందే ఏ తూము కింద ఎన్ని ఎకరాలున్నాయో, కిందటి దాళ్వాలో ఎక్కడ ఎండిందో రాయండి. ఆ లెక్క కాలువ చూసే లస్కరును అడిగి ముందే తెచ్చుకోవాలి. సమావేశంలో వెతికితే అక్కడే తగాదా మొదలవుతుంది.

జవాబు (మండపేట ప్రాంతం)

పై వారు చెప్పింది సబబే కానీ, అంశాల వరుస కూడా ముఖ్యమండి. మా డ్వాక్రా గ్రామ సంఘంలో కిందటి తీర్మానాలు చదివి, బాధ్యత తీసుకున్న వారి చేత ఏం జరిగిందో చెప్పించాకే కొత్త అంశం తీస్తాం. మీరు ఆ వెంటనే శివారు వంతులను పెట్టండి, కాలువలో పెరిగిన గుర్రపు డెక్క తొలగింపు ఖర్చు తరువాత చూసుకోవచ్చు. ప్రతి తీర్మానం పక్కన ఒక్కరి పేరు, ఒక తేదీ పడాలి. ‘కమిటీ చూస్తుంది’ అని రాస్తే ఎవరూ చూడరు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కాగితం వాట్సాప్‌లో పంపితే సరిపోతుందా?

జవాబు (రాజోలు ప్రాంతం)

సరిపోదండి. సంఘం జాబితాలో పేరున్న భూయజమానుల్లో చాలామంది హైదరాబాదులో ఉంటారు, నీరు పెట్టేది కౌలు రైతులు. వారం ముందే రామాలయం అరుగు దగ్గర, ఎరువుల దుకాణం దగ్గర అంటించి, శివారు కౌలుదారులకు ఇంటికి వెళ్లి చెప్పండి. సార్వా (ఖరీఫ్) కోతలు, నూర్పిళ్ల రోజులు తప్పించి తేదీ పెట్టండి.