మేస్త్రీ 8 లక్షలన్నారు, చేతిలో 9 ఉన్నాయి: మిగిలిన లక్షను ఏం చేయాలి?

తెనాలి ఇల్లాలు

మాది 1994లో మా మామగారు కట్టించిన డాబా ఇల్లు. రెండు పడక గదులు, హాలు, వంటిల్లు, రెండు స్నానాల గదులు. ఇన్నేళ్లలో రంగులు వేయించడం తప్ప మరేమీ చేయించలేదు. ఈ వేసవిలో బాగు చేయిద్దామని కూర్చున్నాం. దాచుకున్నది 5 లక్షలు, బ్యాంకు ఇస్తానన్నది 4 లక్షలు. మేస్త్రీ గారు వచ్చి గంటసేపు ఇల్లంతా తిరిగి, మా అమ్మాయి నోటు పుస్తకంలోంచి చించిన కాగితం మీద లెక్క రాసిచ్చారు. స్నానాల గదులు రెండూ కలిపి 2.20 లక్షలు, నేలకు టైల్స్ 2.30, వంటిల్లు 1.60, కరెంటు పని 90 వేలు, రంగులు లక్ష. సామాను, కూలీ అన్నీ కలిపి గుత్తకు 8 లక్షలు.

మిగిలిన లక్షతో హాల్లో ఫాల్స్ సీలింగ్ చేయిద్దామని మా వారు అంటున్నారు. పక్కన పెట్టిన డబ్బు ఎలాగూ నిలవదు, అదేదో కంటికి కనిపించే పనికే పెడదాం అని ఆయన వాదన. నాకు ఆ లక్ష కూడా చాలదనిపిస్తోంది. ఏదో ఒక పని తగ్గించి ఇంకో లక్ష చేతిలో ఉంచుకోవాలని నా పట్టు. వారం రోజులుగా ఇంట్లో ఇదే మాట. ఇల్లు బాగు చేయించుకున్నవారు చెప్పండి, నిజంగా ఎంత పక్కన పెట్టాలి?

వరంగల్ సివిల్ ఇంజినీరు

అమ్మా, ఆ కాగితంలో ఉన్న అంకెలకంటే అందులో లేనివి నన్ను ఎక్కువ కలవరపెడుతున్నాయి. మీ డాబా పైకప్పు ఎక్కడా లేదు. ముప్పై ఏళ్లు దాటిన స్లాబు అది. వాన నీరు లోపలికి దిగితే ఇనుప ఊచలు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన ఊచ ఉబ్బుతుంది, ఉబ్బిన ఊచ కింది కాంక్రీటును తోసేస్తుంది, అప్పుడు పెచ్చులు ఊడతాయి. పైన నీరు ఆపకుండా కింద రంగులు వేయిస్తే ఆ లక్ష రెండు వర్షాకాలాలు కూడా నిలవదు. ఇక అలాంటి స్లాబు కింద ఫాల్స్ సీలింగ్ పెడితే చెమ్మ మీ కంట పడేసరికి చాలా ఆలస్యమైపోతుంది.

ఎంత పక్కన పెట్టాలన్న ప్రశ్నకు ముందు ఒక పని చేయించండి. గుత్త మాట్లాడుకోకముందే ఒక కూలీని, ఒక ప్లంబరును రెండు రోజులు పెట్టుకోండి. ఒక స్నానాల గదిలో నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు బయటికి పోయే జాలీ కింది గొట్టం) చుట్టూ అడుగున్నర మేర పగలగొట్టించి కింద తడి ఉందేమో చూడండి. వంటింటి గోడలో కుళాయి దగ్గర గొట్టం బయటపెట్టించండి. ఆ రోజుల్లో వేసినవి చాలావరకు ఇనుప గొట్టాలే, లోపల తుప్పు పేరుకుని నీటి దారి సగమై ఉంటుంది. ఒక స్విచ్ బోర్డు విప్పించి ఎర్తు తీగ ఉందో లేదో చూడమనండి. సుత్తి పిడితో స్లాబును అక్కడక్కడా తట్టిస్తే డొల్ల శబ్దం వచ్చిన చోట సున్నంతో గుర్తు పెట్టుకోండి. ఇలా చూసుకున్నాక అయితే నూటికి పది పక్కన పెట్టినా నేను ధైర్యం చెబుతాను. చూడకుండా దిగితే పాతికైనా చాలుతుందని చెప్పలేను.

మేస్త్రీ గారి అబ్బాయి

మా నాన్న నలభై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నారు. ఇక్కడ అందరూ మేస్త్రీ లెక్క తప్పు రాశాడంటారు. ఆయన తక్కువ ఎందుకు రాశాడో ఎవరూ అడగరు. నిజం రాస్తే పని రాదు కాబట్టి. పైకప్పు కూడా కలిపి 10 లక్షలని రాసిస్తే మీరు ఇంకో మేస్త్రీని పిలుస్తారు, ఆయన 7.5 అంటాడు, పని ఆయనకే ఇస్తారు. మా నాన్న అలా ఎన్ని పనులు పోగొట్టుకున్నారో నాకు తెలుసు.

సామానుతో సహా గుత్తకు ఇస్తే 8 లక్షలు దాటకూడదన్న భారమంతా మేస్త్రీ మీదే పడుతుంది. గోడలో తుప్పు గొట్టం బయటపడినప్పుడు మీరు అదనంగా ఇవ్వనంటే ఆయన ఎక్కడో ఒకచోట తగ్గించుకోవాలి. సిమెంటు మోతాదు తగ్గుతుంది, లేదా చవక రకం గొట్టం వస్తుంది. అందుకే పాత ఇంటికి గుత్త వద్దంటాను. సామాను మీరు కొనండి, పనిని కూలీ లెక్కన ఇవ్వండి. శనివారం శనివారం కొలిచి బట్వాడా చేయండి, ముందుగా పెద్ద మొత్తం చేతిలో పెట్టకండి. కొలతల్లో తలుపులు, కిటికీల ఖాళీ తీసేయాలా వద్దా అన్నది మొదటి రోజే తేల్చుకోండి. చివరి రోజు తగాదా చాలావరకు దాని మీదే వస్తుంది.

కాకినాడ బ్యాంకు ఉద్యోగి

అప్పు గురించి ఒక మాట. మరమ్మతు కోసం తీసుకున్న అప్పు మీద వడ్డీకి పాత పన్ను విధానంలో ఏడాదికి 30,000 రూపాయల వరకే మినహాయింపు. కొత్త విధానంలో మనం ఉంటున్న ఇంటికి అది కూడా లేదు. కొత్త ఇంటికి ఉన్న 2 లక్షల మినహాయింపు దీనికీ వస్తుందనుకుని బడ్జెట్ వేసుకోకండి. ఇంకొకటి, 9 లక్షల పనికి 4 లక్షల అప్పు తీసుకుని మధ్యలో డబ్బు చాలక వ్యక్తిగత రుణానికి వచ్చేవాళ్లను నెలకొకరినైనా చూస్తాను. దాని వడ్డీ చాలా ఎక్కువ. ఆ పరిస్థితి రాకుండా ఉండటానికే ఈ పక్కన పెట్టే డబ్బు.

అనంతపురం లెక్కల మాస్టారు

ఇంజినీరు గారితో నాకు పేచీ ఉంది. గోడ లోపలి లోపాలే బడ్జెట్‌ను ముంచుతాయన్నట్టు రాశారు. నా అనుభవం అది కాదు. రెండేళ్ల కిందట మా ఇల్లు బాగు చేయించాను. 6 లక్షలు అనుకున్నది 8.40 అయింది. రోజూ రాత్రి ఖర్చు రాసుకున్న పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అనుకోకుండా తగిలిన ఖర్చును ఎర్ర సిరాతో రాశాను. వంటింటి వెనక తుప్పు గొట్టాలకు 35 వేలు, స్లాబు అతుకులకు 25 వేలు. అంటే లోపలి లోపాలకు అయింది 60 వేలే.

మిగిలిన లక్షా ఎనభై వేలు ఎక్కడికి పోయాయో చూడండి. వంటింట్లో టైల్స్ నాలుగడుగులు అనుకున్నాం, ఎలాగూ వేస్తున్నాం కదా అని పైకప్పు దాకా వేయించాం: 22 వేలు. నేల మెరుస్తుంటే మెట్లు వెలవెలబోయాయి, ఎలాగూ పనివాళ్లు ఉన్నారని చీమకుర్తి నల్ల గ్రానైట్ వేయించాం: 48 వేలు. ఎలాగూ రంగులు వేస్తున్నాం, పాత గేటు బాగుండదని కొత్తది: 55 వేలు. టీవీ గోడకు చెక్క పని: 55 వేలు. ఆ 'ఎలాగూ' అన్న మాట మా ఇంట్లో నేను అన్నదే ఎక్కువ, మా ఆవిడ కాదు.

అందుకే చెబుతున్నాను. లక్ష పక్కన పెట్టానని మీకు తెలిసినంతకాలం మీ 'ఎలాగూ' దాన్ని వాసన పట్టి తినేస్తుంది. మీ వారు చెప్పినదాంట్లో నిజం ఉందమ్మా. ఆ డబ్బును మీరు సులువుగా తీయలేని చోట, ఆరు నెలల డిపాజిట్‌లో వేయండి.

వరంగల్ సివిల్ ఇంజినీరు

మాస్టారూ, మీ పుస్తకం చదివితే నా మాటను కొంత సరిదిద్దుకోవాలనిపిస్తోంది. కానీ అన్ని 'ఎలాగూ'లనూ ఒకే గాటన కట్టకండి. స్నానాల గది నేల తవ్వినప్పుడు, ఎలాగూ తవ్వాం కదా అని మురుగు గొట్టం మార్చడం దండగ కాదు. గోడలో తీగలకు గాడి కొట్టినప్పుడు ఎలాగూ కొట్టాం కదా అని ఏసీకి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ లాగించుకోవడమూ కాదు. ఏసీ వచ్చే ఏడాది కొన్నా సరే, తీగ ఈ ఏడాదే లాగాలి. పాత బోర్డులో 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే అదీ ఇప్పుడే. గీజరు ఉన్న ఇంట్లో పిల్లల ప్రాణాలకు అది కాపలా.

నేను పెట్టుకునే గీత ఒకటే. తర్వాత చేయించాలంటే మళ్లీ పగలగొట్టాల్సిన పనా, కాదా? పగలగొట్టాల్సినదైతే అప్పు చేసైనా ఇప్పుడే చేయించండి. గేటు, టీవీ చెక్క పని, ఫాల్స్ సీలింగ్ మూడేళ్ల తర్వాత చేయించినా ఇంట్లో ఒక్క టైలు కూడా పగలదు.

డల్లాస్‌లో ఉన్న కరీంనగర్ వాసి

అమ్మానాన్నల ఇల్లు దూరం నుంచి చేయించాను. నా బడ్జెట్‌ను ముంచింది తేదీ. నాన్న షష్టిపూర్తి నాటికి పూర్తి కావాలని పట్టుబట్టాను. ఒడిశా నుంచి వచ్చిన టైల్స్ పనివాళ్లు మధ్యలో పండుగకు ఊరెళ్లారు. తేదీ దగ్గరపడుతుంటే ఉన్నవాళ్లకు రెట్టింపు కూలీ ఇచ్చాం. స్నానాల గదిలో వాటర్‌ప్రూఫింగ్ చేశాక నీళ్లు నింపి కనీసం 24 గంటలు ఉంచి కింద కారుతోందేమో చూడాలి, 48 గంటలైతే మరీ మంచిది. తొందరలో ఆ పరీక్ష వదిలేశాం. ఆరు నెలలకు పక్క గది గోడకు చెమ్మ వచ్చింది, వేసిన టైల్స్ మళ్లీ పగలగొట్టాం. నాన్న ఫోనులో ఏమీ అనలేదు, 'పోనీలేరా' అన్నారంతే. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

పని జరిగే రెండు నెలలు అమ్మావాళ్లు ఉన్న అద్దె, సామాను అటూ ఇటూ మోసిన ఆటో, పగలగొట్టిన మట్టి, ముక్కలు తీసుకెళ్లిన ట్రాక్టర్లు కూడా ఏ కాగితంలోనూ రాసుకోలేదు. తెనాలి అక్కయ్యా, మీ కాగితంలోనూ అవి కనిపించడం లేదు.

విజయవాడ కొత్త సభ్యుడు

2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, పాత అంచనాల కంటే ఖర్చు తగ్గాలి. ఇసుక కూడా మన రాష్ట్రంలో 2024 జులై నుంచి ఉచితమే.

మేస్త్రీ గారి అబ్బాయి

తమ్ముడూ, కొత్త ఇల్లు కట్టేవాళ్లకు అది పెద్ద మాటే. మరమ్మతులో సిమెంటు ఎంత పడుతుంది? యాభై బస్తాలనుకో. 400 రూపాయల బస్తా మీద తగ్గిన పన్ను మొత్తం మనకే చేరినా ముప్పై రూపాయలు, అంతా కలిపి 1,500. ఇసుక ఉచితమైనా లోడింగు, రవాణా ఖర్చులు మనవే. పాత ఇంట్లో డబ్బంతా కూలీకి, గొట్టాలకు, టైల్స్‌కు పోతుంది.

టైల్స్ అంటే గుర్తొచ్చింది. అక్కా, మీ మేస్త్రీ పెట్టెకు 16 చదరపు అడుగులని లెక్క వేశాడేమో చూడండి. రెండడుగుల టైలు అంటాం గానీ పెట్టె మీద 600 మిల్లీమీటర్లని ఉంటుంది. నాలుగు టైల్స్ పెట్టెకు వచ్చేది 15.5 అడుగులే. 800 అడుగుల నేలకు ఆ లెక్కన 50 పెట్టెలు అనుకుంటారు. నిజానికి 52. మూలల్లో కోతకు, పగిలేవాటికి కలిపితే 56. గోడ అడుగున నాలుగంగుళాల స్కర్టింగుకు ఇంకో ఆరు. మొత్తం 62. పన్నెండు పెట్టెల తేడాకు మేస్త్రీ దొంగ కానక్కర్లేదు, లెక్కే అలా తప్పుతుంది.

తెనాలి ఇల్లాలు

మూడు వారాలు రాయలేదు, మన్నించండి. ఇంజినీరు గారు చెప్పినట్టే రెండు రోజులు పనివాళ్లను పెట్టించాం, 4,200 అయింది. ఎందుకీ దండగ అని మా వారు మొదటి రోజంతా ముభావంగా ఉన్నారు. రెండో రోజు మధ్యాహ్నం వెనక స్నానాల గదిలో ట్రాప్ పక్కన తవ్వుతుంటే ఇటుక ముక్కలు నల్లగా, తడిగా చేతికొచ్చాయి, వాసన హాలు దాకా వచ్చింది. గొట్టం అతుకు దగ్గర వేలు దూరేంత సందు. ఎన్నేళ్ల నుంచి కారుతోందో. ఆయన కింద కూర్చుని చాలాసేపు దాన్నే చూశారు. మా మామగారు దగ్గరుండి వేయించిన గొట్టం అది. నాకు కూడా ఏం మాట్లాడాలో తోచలేదు.

వంటింటి గొట్టం అంత పాడవలేదు. స్లాబు రెండు చోట్ల డొల్ల పలికింది. మేస్త్రీ గారిని మళ్లీ పిలిచి ఇక్కడ మీరు రాసినవన్నీ చెబితే ఆయన కోపం తెచ్చుకోలేదు, 'మీరు అడగలేదమ్మా' అన్నారు. గుత్త మానేసి కూలీ లెక్కకు వచ్చాం. కొత్త కాగితంలో స్నానాల గదులు 2.75 అయ్యాయి. డాబా మీద నీరు దిగకుండా చేయడానికి, స్లాబు అతుకులకు కలిపి 80 వేలు. మట్టి తీసుకెళ్లడానికి, అద్దెకు 40 వేలు. హాల్లో, ముందు గదిలో ఉన్న తాండూరు బండలు గట్టిగా ఉన్నాయి, వాటిని తీయకుండా పాలిష్ పట్టిస్తున్నాం, దాంతో టైల్స్ ఖర్చు 1.15కు దిగింది. వంటింట్లో పైన అరలు ఇప్పుడు వద్దనుకుని 1.10లో ముగిస్తున్నాం. కరెంటు పని అదే 90 వేలు. రంగులు లోపల మాత్రమే, 60 వేలు. మొత్తం 7.70. చేతిలో 1.30 ఉంటుంది. మాస్టారు గారు చెప్పినట్టు అందులో లక్ష డిపాజిట్ వేశాం, మా వారి పేరు మీదే. ఫాల్స్ సీలింగ్ మాట ఆయన ఇంకా పూర్తిగా వదల్లేదు, తర్వాత దాని తీగలు లాగడానికి గోడలో ఒక ఖాళీ గొట్టం పెట్టించుకున్నారు. నేనూ కాదనలేదు.

ఒక్క సందేహం. టైల్స్ పెట్టెలు మిగిలితే దుకాణం వాళ్లు వెనక్కి తీసుకుంటామంటున్నారు. ఇచ్చేయమంటారా?

మేస్త్రీ గారి అబ్బాయి

ఒక పెట్టె ఉంచుకుని మిగతావి ఇచ్చేయండి అక్కా. పెట్టె మీద బ్యాచ్ నంబరు ఉంటుంది, అదే రకం మళ్లీ కొన్నా బ్యాచ్ మారితే రంగు కలవదు. అటక మీద పెట్టేటప్పుడు నిలబెట్టి పెట్టండి, పడుకోబెడితే కింది టైల్స్ పగులుతాయి.