కుడి బూటు హీలు ఒక మూల అరిగిపోయింది. ముక్క వేయించాలా, మొత్తం మార్పించాలా?

నల్లకుంట నడకరి:

మా బావమరిది మూడేళ్ల కిందట అమెరికా నుంచి వస్తూ రెడ్ వింగ్ బూట్లు తెచ్చిచ్చాడు. మిన్నెసోటాలో ఆ పేరుగల ఊళ్లోనే 1905లో మొదలైన కంపెనీ. “బావా, ఇవి నీ కొడుక్కి కూడా వస్తాయి” అని మరీ చెప్పాడు. కొడుకు సంగతి దేవుడెరుగు, నా దగ్గరే హీలు పోయేట్టుంది.

పైతోలు బ్రహ్మాండంగా ఉంది, కుట్టు ఒక్కటి కూడా ఊడలేదు. కుడి బూటు తిరగేసి చూస్తే మాత్రం హీలు వెనకవైపు, బయటి మూల ఏటవాలుగా కోసేసినట్టుంది. స్కేలు పెట్టి చూశాను. లోపలి అంచు దగ్గర రబ్బరు 7 మిల్లీమీటర్లు ఉంది, ఆ మూలలో సున్నా. దాని పైనున్న తోలు పొర కూడా నాని ఆరి నాని ఆరి వక్కపేడులా లేస్తోంది. ఎడమది కాస్త నయం, 3 మిల్లీమీటర్లు మిగిలింది.

మొన్న జూన్‌లో ఒక మాల్‌లో “పదిహేను నిమిషాల్లో రిపేరు” అని బోర్డు చూసి ఇచ్చాను. ఆ మూలకి మాత్రం చిన్న ముక్క అంటించి 350 తీసుకున్నారు. విద్యానగర్ స్టేషన్ రోడ్డులో ఒక్క రోజు వానలో తిరిగితే ముక్క బురదలోనే ఉండిపోయింది. మళ్లీ తీసుకెళ్తే ఈసారి పొడవాటి మేకు దిగ్గొట్టారు. అది అడుగుతోలు చీల్చుకుని లోపలికి తేలింది. మెట్లు దిగుతుంటే మడమలో గుచ్చుకుంది. ఆ రాత్రి టీటీ ఇంజెక్షను కూడా అయింది.

ఇప్పుడు ఏం చేయించాలి? హీలు ఒక్కటే మారుస్తారా, అడుగు అట్ట మొత్తం తీయాల్సిందేనా? ఎవరికైనా ఇచ్చే ముందు నేను ఏం అడగాలో తెలిస్తే చాలు.

మియాపూర్ మెట్రో:

ఇంజెక్షను ఖర్చు, ముక్క ఖర్చు కలుపుకుని కొత్త జత కొనుక్కోండి సార్.

హన్మకొండ మామ:

గంత మంచి తోలును పారేస్తరా? తమ్మీ, లాడం కొట్టియ్యి. మా బాపు పోలీసు జమాదారు. ఆయన బూట్లకు మడిమె కింద గుర్రానికి కొట్టినట్టే ఇనుప లాడం ఉండేది. గల్లీ మలుపు కాడ ఉండంగనే టక్ టక్ సప్పుడు ఇనొచ్చేది, మేం ఆట ఇడిసిపెట్టి పుస్తకాలు తీసేటోళ్లం. ఏండ్లకేండ్లు నడిచినా ఆ హీలు అరగలే.

లాలాగూడ బల్ల:

మామా, మీ బాపు నడిచింది మట్టి రోడ్లమీద, గరుకు బండలమీద. ఇప్పుడు ఏ ఆఫీసుకెళ్లినా అద్దంలాంటి టైల్సు. వాటిమీద ఇనుముతో నడిస్తే మన నడుం పోతుంది, ఓనరు టైల్సూ పోతాయి. లాడం వద్దు.

నడకరి గారూ, మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపు దగ్గర ముప్పై ఏళ్లు చెప్పులు కుట్టే బల్ల వేసుకుని కూర్చున్నారు. ఇంటర్ దాకా సాయంత్రాలు నేనూ అక్కడే. ఇప్పుడు బ్యాంకులో చేస్తున్నా, కౌంటరు దాటి వెళ్లేవాళ్ల హీళ్లవైపే ముందు చూస్తా, అలవాటు పోలేదు.

మీ బూటులో లోపం లేదు. అడుగు వేసేటప్పుడు చాలామందికి మడమ బయటి మూలే ముందు నేలకి ఆనుతుంది. అరిగేదీ అక్కడే. కుడిది ఎక్కువ పోయిందంటే, మీరు కారు నడుపుతారా? యాక్సిలరేటరు తొక్కేటప్పుడు మడమ కింద చాపమీద ఆనించి పాదం తిప్పుతుంటాం. హీలు వెనక అంచు అక్కడ గీరుకుపోతుంది. నాన్న కుడి హీలు చూసే “డ్రైవరు పనా అన్నా?” అని అడిగేవారు.

అడుగు అట్ట మార్చక్కర్లేదు. మీ హీలులో పైన తోలు పొరలు, అన్నిటికన్నా కింద రబ్బరు. ఆ రబ్బరు ఉన్నదే అరగడానికి. తోలు తగలకముందే ఇచ్చి ఉంటే, పాతది పీకి కొత్తది వేయడమే, చిన్న పని. మీరు తోలు దాకా తెచ్చారు కాబట్టి ముందు ఆ తోలుని సమం చేయాలి. కొందరు ఎత్తుగా మిగిలిన వైపు మెషినుమీద రాకేసి దించుతారు. ఒప్పుకోకండి. హీలు పొట్టిదైపోయి బూటు వెనక్కి వాలుతుంది, ముందు వేళ్ల దగ్గర పైకి లేస్తుంది. ఇంకొందరు అరిగిన మూలకి తోలుముక్క వేస్తారు, ఒక అంచు మందంగా, రెండో అంచు కాగితమంత పలచగా రంపితో, అంటే తోలు కోసే కత్తితో, చెక్కి. చెయ్యి తిరిగినవాళ్లు చేస్తే అదీ నిలుస్తుంది. మీ పొర పేడుల్లా లేస్తోందంటున్నారు కాబట్టి, నాన్నయితే ఆ ఒక్క పొర మొత్తం ఊడదీసి కొత్త అట్టతోలు వేసేవారు. లేస్తున్న తోలుమీద ఏది అంటించినా దానితోపాటే లేచొస్తుంది.

సొల్యూషన్ పూసేటప్పుడు దగ్గరే నిలబడండి. తోలుకీ రబ్బరుకీ రెండిటికీ గరుకుకాగితం పట్టాలి, రెండిటికీ పూయాలి. పూసిన వెంటనే కలపకూడదు. వేలితో ముట్టుకుంటే జిగురు తెలియాలి కానీ వేలికి అంటకూడదు, అప్పుడు కలపాలి. ఒకసారి ఆనిందంటే ఇక జరపడం కుదరదు. అందుకని నాన్న ముందు వెనక అంచు సరిచూసుకుని, అక్కణ్ణుంచి ముందుకి మెల్లగా వాల్చేవారు. తర్వాత ఇనప దిమ్మెమీద బోర్లించి నడిమధ్య నుంచి అంచులవైపు సుత్తితో కొట్టడం. అయ్యాక వేలి కణుపుతో తడితే ఎక్కడా గుల్లగా మోగకూడదు.

మేకు కొట్టే ముందు దాన్ని హీలు పక్కన ఆనించి చూడమనండి. రబ్బరు, తోలు పొరలు కలిపి ఎంత మందమో మేకు అంతకన్నా పొట్టిగా ఉండాలి. తల రబ్బరులోకి దిగిపోవాలి. ఇది చూసుకోకే మీ మడమకి రంధ్రం పడింది.

అంచు దాటి మిగిలిన రబ్బరుని రంపి నీళ్లలో ముంచి కోస్తారు, తడిగా ఉంటే కత్తి పట్టేయదు. తోలు అంచుని మా నాన్న గాజు పెంకుతో గీకేవారు. పగిలిన సోడాసీసా ముక్క ఒకటి ఆయన డబ్బాలో ఎప్పుడూ ఉండేది, నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. దానితో గీకితే అంచు గుమ్మంలా నున్నగా వచ్చేది. తర్వాత రంగు, మైనం.

తిరిగి తీసుకునేటప్పుడు బూట్లు చదునైన గ్రానైటు గట్టుమీద పెట్టండి. హీలు కింద ఏ మూలనా కాగితం దూరకూడదు. ఇంకో మాట, రెండు కాళ్లకీ ఒకేసారి మార్పించండి. ఎడమది ఇంకా నెలలు నడుస్తుంది, నిజమే. కానీ ఒకటి పొడుగు ఒకటి పొట్టి అయితే మోకాలు ఊరుకోదు.

అడయార్ పాత విద్యార్థిని:

బల్ల అన్నయ్య చెప్పినదానికి చిన్న అతుకు. నేను చెన్నైలో తోలు పరిశ్రమ చదువు చదివాను.

మాల్‌లో వేసిన ముక్క ఎందుకు ఊడిందో ఊహించగలను. జూన్ అన్నారు కదా. సొల్యూషన్‌లోని ద్రావకం ఆవిరవుతుంటే పూసిన చోటు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లటి పొరమీద చెమ్మ పడుతుంది. చాలాసార్లు కంటికి కనిపించదు కానీ పట్టు తగ్గిపోతుంది. వాన రోజున చేయించొద్దు, తప్పకపోతే ఫ్యాను కింద కాకుండా కాస్త వెచ్చటి చోట ఆరబెట్టమనండి. బూటు కూడా లోపలిదాకా పొడిగా ఉండాలి. తడిస్తే న్యూస్‌పేపరు కుక్కి నీడలో పెట్టండి. పొయ్యి దగ్గర పెడితే తోలు ముడుచుకుని పెళుసెక్కుతుంది.

రబ్బరు ఏది వేస్తున్నారో అడగండి. దుకాణంలో చేతికందేది చాలాసార్లు మైక్రో షీటు. తేలిగ్గా, మెత్తగా, సన్నటి గాలిబుడగలతో ఉంటుంది. షుగరు ఉన్నవాళ్ల చెప్పుల్లో పాదం కింద వేసే ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) దాని చుట్టమే. పాదానికి అది హాయి. హీలు కింద అదే అణిగిపోయి మళ్లీ ఆ మూలే పోతుంది. గోరుతో నొక్కితే గుంట పడని గట్టి రబ్బరు కావాలి.

ఇది చదివి ఎవరైనా తమ బూట్లకి ఇదే చేయించబోతే ఒక్కమాట. అచ్చుపోసిన అట్టల్లో హీలు లోపల తేనెపట్టులా గుల్లగా ఉంటుంది. దానిలో మేకుకి పట్టు ఉండదు. పీయూ (పాలీయురేథేన్) అట్టలైతే తేమకి వాటంతటవే పొడిపొడిగా రాలిపోతాయి, వాడకుండా అల్మారాలో పెట్టినా సరే. మా అన్నయ్య పెళ్లి బూట్లు విశాఖలో అయిదేళ్ల తర్వాత తీస్తే హాలంతా నల్ల ముక్కలు. వాటికి హీలు వేయించడం డబ్బు దండగ.

నల్లకుంట నడకరి:

కారు సంగతి నిజమే అన్నా! రోజూ నల్లకుంట నుంచి గచ్చిబౌలి, రానుపోను.

ఆదివారం ఎండ కాసింది. సికింద్రాబాద్ కంటోన్మెంట్ వైపు మిలిటరీ బూట్లకి పనిచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. మీరు రాసిన ప్రశ్నలు ఫోనులో పెట్టుకుని ఒక్కొక్కటే అడుగుతుంటే, మూడోదానికి ఆయన కళ్లద్దాలు తీసి “నువ్వు చేస్తావా, నన్ను చెయ్యనిస్తావా?” అన్నారు. నోరు మూసుకుని స్టూలుమీద కూర్చున్నాను.

కుడిదానికి ఒక తోలు పొర తీసి కొత్తది వేశారు, రెండిటికీ గట్టి రబ్బరు. పాత మేకు పీకి చూపించారు, నా చూపుడువేలి రెండు కణుపులంత ఉంది. మొత్తం 700 తీసుకున్నారు. లోపల చెయ్యిపెట్టి తడిమాను, ఏమీ తగల్లేదు. గ్రానైటు పరీక్ష ఇంటికొచ్చాక చేశాను, విజిటింగు కార్డు ఏ మూలనా దూరలేదు.

ఒక అనుమానం. గీకిన చోట తోలు అంచు తెల్లగా కనిపిస్తోంది. దానికి మామూలు పాలిష్ చాలా?

లాలాగూడ బల్ల:

చాలదు. ముందు అంచులకి వేసే రంగు ఒక పూత, ఆరాక మైనం రుద్ది పాత గుడ్డతో వేడి పుట్టేదాకా తోమండి. ఆ పెద్దాయనకి ఇస్తే ఆయనే చేస్తారు, ఈసారి ఫోను జేబులో పెట్టుకుని వెళ్లండి.