ఎరిత్రోపోయిటిన్ కణం లోపలికే వెళ్లనప్పుడు రక్తం ఎలా పెంచుతుంది?

సోంపేట విద్యార్థిని:
అందరికీ నమస్కారం. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో జంతుశాస్త్రం చదువుతున్నాను. మాది ఉద్దానం. మా పెదనాన్నగారు రెండేళ్లుగా డయాలసిస్ చేయించుకుంటున్నారు. ఆయనకు చర్మం కింద ఇచ్చే చిన్న ఇంజెక్షన్‌ను మా ఇంట్లో అందరూ ‘రక్తం సూది’ అంటారు. ఐస్ ముక్కలు వేసిన ఫ్లాస్కులో దానిని మందుల షాపు నుంచి తెచ్చేది నేనే కనుక లేబుల్ చదివాను: ఎరిత్రోపోయిటిన్, 4000 యూనిట్లు. చూడడానికి నీళ్లలా ఉంది. అందులో రక్తమూ లేదు, ఇనుమూ లేదు. ఇది ప్రోటీన్ కాబట్టి కణపొరను దాటి లోపలికి పోలేదని మా పాఠంలో ఉంది. మరి బయటే ఆగిపోయే పదార్థం కణకేంద్రకం దాకా మాట ఎలా చేరవేస్తుంది? ఇంకొక సందేహం: మూడు నెలలుగా ఇస్తున్నా హిమోగ్లోబిన్ 7.6 నుంచి 8కి మాత్రమే వచ్చింది. ఎందువల్ల?

టెక్కలి అధ్యాపకుడు:
అమ్మా, మొదటి ప్రశ్నకు నేను చెబుతాను. ఎరిత్రోపోయిటిన్ 165 అమైనో ఆమ్లాల గొలుసు, దానికి కొన్ని చక్కెర శాఖలు అతికి ఉంటాయి. పెద్దవారిలో దీనిని ప్రధానంగా తయారుచేసేది మూత్రపిండమే. అక్కడి సూక్ష్మనాళికల పక్కనుండే కొన్ని కణాలు రక్తంలో ప్రాణవాయువు తగ్గినట్టు పసిగట్టి దీనిని విడుదల చేస్తాయి. ఆ పసిగట్టే పద్ధతిని వివరించినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. జబ్బుపడిన మూత్రపిండంలో ఆ కణాలు మచ్చకట్టే కణజాలంగా మారిపోయి ఈ పనిని వదిలేస్తాయి. పెదనాన్నగారికి సూది అవసరమైనది అందుకే.

మూలుగలో ఎర్రకణాలుగా ఎదగవలసిన పిల్లకణాల పైపొర మీద దీనిని పట్టుకునే ప్రోటీన్‌లు, అంటే గ్రాహకాలు ఉంటాయి. ఒక్క ఎరిత్రోపోయిటిన్ అణువు రెండు గ్రాహకాలను ఒకేసారి పట్టుకుంటుంది. గ్రాహకానికి సొంతంగా రసాయన చర్య జరిపే శక్తి లేదు. పొర లోపలివైపు దాని తోకను అంటిపెట్టుకుని జాక్-2 అనే ఎంజైమ్ ఉంటుంది. పైన పట్టు బిగియగానే లోపల రెండు జాక్-2లు సరైన తీరులో ఎదురెదురుగా వచ్చి, ముందు ఒకదానికొకటి, తర్వాత గ్రాహకపు తోకకు ఫాస్ఫేట్‌లను అతికిస్తాయి. ఆ ఫాస్ఫేట్‌ల దగ్గరకు వచ్చి చేరిన స్టాట్-5 అనే ప్రోటీన్ తానూ ఒక ఫాస్ఫేట్ తగిలించుకుని, జంటకట్టి, కేంద్రకంలోకి వెళ్లి డీఎన్ఏ మీద కూర్చుంటుంది. అంటే అణువు గుమ్మం దాటదు, దాని కబురే దాటుతుంది.

ఆ కబురు ‘రక్తం తయారుచేయి’ అని అనుకుంటాం. ప్రధానంగా అది ‘చావకు’ అనే మాట. మూలుగ ఎప్పుడూ అవసరానికి మించి పిల్లకణాలను పుట్టిస్తుంది, వాటిలో చాలా భాగం తమంతట తామే చనిపోతాయి. స్టాట్-5 మేల్కొలిపే జన్యువులలో కణమరణాన్ని అడ్డుకునే ప్రోటీన్‌ను తయారుచేసేది ఒకటి. మన నారుమడిలో ఎక్కువ విత్తనాలు చల్లి, నీరు అందిన మేరకే నారు దక్కించుకున్నట్టు, ఎరిత్రోపోయిటిన్ అందినన్ని కణాలే బతికి ఎర్రకణాలవుతాయి. ఆరోగ్యవంతునిలో రోజుకు సుమారు 20,000 కోట్ల కొత్త ఎర్రకణాలు ఇలాగే వస్తున్నాయి.

పలాస టెక్నీషియన్:
మాస్టారు చెప్పిన నారుకు ఎరువు కూడా కావాలి కదా. ఇంజెక్షన్ కణాన్ని బతికిస్తుంది. హిమోగ్లోబిన్ కట్టడానికి ఇనుము వేరుగా అందాలి. డయాలసిస్‌లో ప్రతిసారీ గొట్టాలలో కొంత రక్తం పోతుంది, దానితో ఇనుమూ పోతుంది. అందుకని సూది పనిచేయకపోతే ముందుగా ఫెరిటిన్ (ఒంట్లో నిల్వ ఉన్న ఇనుమును సూచించేది)తోపాటు ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్ ఎంతవరకు నిండి ఉందో చెప్పేది) చూస్తారు. ఫెరిటిన్ ఒక్కటే చూసి ఇనుము చాలా ఉందనుకోకూడదు. ఒంట్లో ఎక్కడైనా ఇన్‌ఫెక్షన్ ఉంటే ఫెరిటిన్ పెరుగుతుంది, ఇనుము గోదాములో తాళం పడినట్టు బయటకు రాదు. మోతాదు మీరే పెంచమని అడగవద్దు. హిమోగ్లోబిన్‌ను 13 దాటించడానికి మోతాదు పెంచుతూ పోతే పక్షవాతం వంటి ప్రమాదాలు పెరుగుతాయని తేలింది. బీపీ కూడా పెరుగుతుంది. మీ వైద్యుణ్ణే అడగండి.

ఇంకొక మాట. సూదిని ఐస్ ముక్కకు నేరుగా తగలనివ్వవద్దు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకడితే ప్రోటీన్ చెడిపోతుంది, చూపుకు మాత్రం ఏ తేడా తెలియదు. గుడ్డలో చుట్టి తీసుకురండి, గట్టిగా ఊపకండి.

విజయనగరం పాఠకుడు:
అధ్యాపకులవారు ఆ కబురు ఎలా ఆగుతుందో చెప్పలేదు. గ్రాహకపు తోక చివరిభాగం మీద చేరే మరొక ఎంజైమ్ సంకేతాన్ని ఆపుతుంది. 1964 శీతాకాల ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన ఫిన్లాండ్ స్కీ క్రీడాకారుడు ఈరో మాంటిరాంటాకు పుట్టుకతోనే ఆ చివరిభాగం లేదు. ఎరిత్రోపోయిటిన్ మామూలుగా ఉన్నా సంకేతం ఆగక, ఆయన హిమోగ్లోబిన్ 20 దాటింది. ఆయనకు బ్రేకు లేదు. మన ఉద్దానం రోగికి కబురు పంపేవారే లేరు.

ఇప్పుడు సీసాలో దొరుకుతున్నది గానీ, 1977లో షికాగోలో దీనిని తొలిసారి శుద్ధిచేయడానికి జపాన్ నుంచి తెచ్చిన 2,550 లీటర్ల రోగుల మూత్రం వాడవలసి వచ్చింది. 1989లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చేనాటికి ఆ జన్యువును ప్రయోగశాలలో పెంచిన కణాలలో పెట్టి తయారుచేస్తున్నారు.

సోంపేట విద్యార్థిని:
అందరికీ కృతజ్ఞతలు. పాత రిపోర్టు తీసి చూశాను: ఫెరిటిన్ 640 ఉంది, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ చేయించనే లేదు. ఫ్లాస్కులో ఐస్ నేరుగా సూదికి తగులుతూనే ఉంది, ఆ తప్పు నాదే. గురువారం వైద్యునితో రెండు సంగతులూ చెబుతాము.