వ్యవస్థాపకులు తప్పుకుంటున్న సంస్థలో బాధ్యతల బదలాయింపు ఎలా జరగాలి?

నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఫ్లోరోసిస్ బాధితులతో పనిచేసే, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన మా చిన్న సంస్థను స్థాపించి, నేటివరకు కార్యదర్శిగా నడిపించిన పెద్దాయన, అనారోగ్యం వల్ల వచ్చే మార్చిలో తప్పుకుంటానని కార్యవర్గానికి రాసి ఇచ్చారు.

సర్వసభ్య సమావేశంలో కొత్త కార్యదర్శిని ఎన్నుకోవడం, తీర్మానాన్ని మినిట్స్ పుస్తకంలో నమోదు చేయడం, కొత్త కార్యవర్గ జాబితాను జిల్లా రిజిస్ట్రారుకు సమర్పించడం, బ్యాంకులో సంతకాలు మార్చడం, విదేశీ విరాళాల అనుమతి ఉన్నందున ఎఫ్‌సీ-6ఇ ఫారం ద్వారా కేంద్ర హోం శాఖకు తెలియజేయడం వంటి కాగితాల పని మేము చూసుకోగలం. అసలు చిక్కు వేరే ఉంది. ఊళ్లలో జనమైనా, దాతలైనా ఇన్నేళ్లూ ఆయన ముఖం చూసే మమ్మల్ని నమ్మారు. ఆయన గౌరవ సలహాదారుగా కొనసాగాలని కార్యవర్గంలో చాలామంది పట్టుబడుతున్నారు. అదే జరిగితే, క్షేత్ర కార్యకర్తగా ఎదిగి ఇప్పుడు కార్యదర్శి బాధ్యత తీసుకోబోతున్న ఆమె ప్రతి చిన్న నిర్ణయానికీ ఆయన అనుమతి కోసం ఎదురుచూడవలసి వస్తుందని (ఈ మాట ఆయన ముందు అనే ధైర్యం మాలో ఎవరికీ లేదు) నా భయం.

ఇటువంటి మార్పును దగ్గరగా చూసినవారు, సలహాదారు పాత్రకు గడువు, హద్దులు ఎలా నిర్ణయించారో, దాతలకు ఆ సంగతి ఎవరు, ఏ దశలో చెప్పారో దయచేసి తెలియజేయగలరు.