మా అత్తయ్య హారతి పాటలు ఇంట్లోనే రికార్డు చేయాలి, 25 వేలల్లో ఏం కొనాలి?

పిఠాపురం_కోడలు:

అందరికీ నమస్కారం. మా అత్తయ్యకి 68 ఏళ్లు. మంగళహారతులు, లాలి పాటలు, పెళ్లి పాటలు కలిపి ఓ 30 దాకా పాడతారు. కొన్ని వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నవి, నేను వెతికినంతలో ఏ పుస్తకంలోనూ కనపడలేదు. పోయిన నెల ఒక స్టూడియోకి తీసుకెళ్లాను. హెడ్‌ఫోన్స్‌లో టక్ టక్‌మని క్లిక్ వినిపిస్తూ దాని ప్రకారం పాడమన్నారు, ఆవిడ మూడుసార్లు మధ్యలో ఆగిపోయారు, ఎలాగో రెండు పాటలయ్యాయి. ఇంటికొచ్చి వింటే ఆటోట్యూన్ వేసేశారు. హారతి చివర సాగదీసే చోట ఆవిడ గొంతు సన్నగా ఊగుతుంది, పాటకి అందమంతా అక్కడే. అదంతా చదునైపోయి కీబోర్డు మెట్లు నొక్కినట్టు వచ్చింది. "ఇది నేను పాడింది కాదమ్మా" అన్నారు. ఇప్పుడు స్టూడియో మాటెత్తితే రానంటున్నారు.

అందుకని ఇంట్లోనే చేద్దామనుకుంటున్నాను. నా దగ్గర ఐదేళ్ల నాటి విండోస్ లాప్‌టాప్ ఉంది, 8 జీబీ ర్యామ్. ఒక పాత మ్యూజిక్ కీబోర్డు ఉంది, వెనక యూఎస్‌బీ పోర్టు కూడా ఉంది. బడ్జెట్ 25 వేలు, మహా అయితే ఇంకో రెండు వేలు. ఆవిడ పాడుతుంటే తంబురా శ్రుతి కావాలి, తర్వాత కొన్నిటికి నేను వీణ, తబలా లాంటివి కలపాలని ఉంది. హాలంతా టైల్స్, చప్పట్లు కొడితే మోగుతుంది. ఏ మైక్ తీసుకోవాలి? సాఫ్ట్‌వేర్ కొనాలా?

ఐదున్నర_శ్రుతి:

అన్నిటికంటే ముందు ఆ స్టూడియోకి ఫోన్ చేసి ఆటోట్యూన్ వేయకముందు ఫైళ్లు ఇమ్మని అడగండి. మామూలుగా దాన్ని పాడిన తర్వాత పైన వేస్తారు, కింద అసలు గొంతు అలాగే ఉంటుంది, చెరిపేయకపోతే ఇవ్వగలరు. గొంతు ఏ స్వరం దగ్గరుంటే దానికి లాగేయడమే ఆటోట్యూన్ పని, మన గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పాడటం) బతికేదేమో రెండు స్వరాల మధ్యలో. అందుకే అంత చదునుగా వచ్చింది.

ఇక మైక్. హాలు వదిలేయండి. పడకగది తీసుకోండి. పరుపు లేపి గోడకి ఆనించండి, బీరువా తలుపులు తెరిచి పెట్టండి, లోపలి చీరలు ధ్వనిని బాగానే పీల్చుకుంటాయి. అత్తయ్యగారి వెనక తాడు కట్టి రెండు బొంతలు వేలాడదీయండి. వెనక అని ఎందుకంటున్నానంటే, చాలా మైకులు కార్డియాయిడ్ రకం, ముందున్నది బాగా, వెనకున్నది తక్కువగా వింటాయి. కాబట్టి ఆవిడ వెనక గోడ నుంచి తిరిగొచ్చే శబ్దం నేరుగా మైక్‌లోకి వస్తుంది, మైక్ వీపు వైపున్న కిటికీతో అంత ఇబ్బంది ఉండదు. ఫ్యాన్ ఆపాల్సిందే, కాబట్టి ఎండాకాలం అయితే తెల్లవారుజామున పెట్టుకోండి.

గది ఇలా సర్దగలిగితే ఆడియో టెక్నికా ఏటీ 2020 లాంటి కండెన్సర్ (సన్నని శబ్దాన్ని కూడా పట్టే మైక్) తీసుకోండి, పెద్దవాళ్ల మెత్తని గొంతులో ఊపిరి కూడా వినిపిస్తుంది. సర్దడం కుదరకపోతే ష్యూర్ ఎస్ఎం 58 లాంటి డైనమిక్ మైక్ (దూరపు శబ్దాల్ని అంతగా పట్టనిది), నోటికి నాలుగు వేళ్ల దూరంలో. నా ఓటు మాత్రం గది సర్దడానికే. కండెన్సర్‌కి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైక్ వైరు గుండానే వెళ్లే కరెంటు) కావాలి, అది ఇంటర్‌ఫేస్ (మైక్‌ని లాప్‌టాప్‌కి కలిపే పెట్టె) నుంచే వస్తుంది. ఇంటర్‌ఫేస్ విషయంలో ఒక్కటి చూసుకోండి. బేరింగర్ యూఎంసీ 22, ఫోకస్‌రైట్ సోలో లాంటి చిన్నవాటిలో మైక్ ఇన్‌పుట్ ఒకటే ఉంటుంది. రేపు హార్మోనియానికి ఇంకో మైక్ పెట్టాలంటే కుదరదు. యూఎంసీ 202 హెచ్‌డీ గానీ స్కార్లెట్ 2ఐ2 గానీ అయితే రెండుంటాయి, సెకండ్ హ్యాండ్‌లో దొరికినా తీసుకోవచ్చు. మిగిలిన డబ్బుతో స్టాండు, పాప్ ఫిల్టర్ (ప, బ లాంటివి పలికేటప్పుడు గాలి మైక్‌కి తగలకుండా ఆపే తెర), చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్. బ్లూటూత్‌వి వద్దు, శబ్దం ఆలస్యంగా వస్తుంది, ఆవిడ మళ్లీ ఆగిపోతారు.

రాత్రి_మిక్సింగ్:

సాఫ్ట్‌వేర్‌కి ఇప్పుడే డబ్బు పెట్టకండి అక్కా. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకోండి, 60 రోజులు ఏ ఫీచరూ ఆపకుండా వాడనిస్తుంది, నచ్చితే సొంతానికి వాడుకునేవాళ్లకి లైసెన్సు 60 డాలర్లు. మీ లాప్‌టాప్‌ మీద హాయిగా నడుస్తుంది. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌ చాలామంది చెబుతారు కానీ అందులో సేవ్ చేసిన ప్రాజెక్టు మళ్లీ తెరవనివ్వదు, మీ పనికి అది పెద్ద చిక్కు.

ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చే ఏఎస్ఐఓ డ్రైవర్ (శబ్దం ఆలస్యాన్ని తగ్గించే ప్రోగ్రాం) వేసుకోండి. బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి తీసుకునే శబ్దపు ముక్క) 128 శాంపిళ్లు పెడితే 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర ఆలస్యం 3 మిల్లీసెకన్లు, 1024 పెడితే 23. రానూపోనూ కలిపితే ఇంకా ఎక్కువ. రికార్డింగ్‌కి 128 లేదా 256, తర్వాత వాయిద్యాలు కలిపేటప్పుడు 1024. లేదంటే ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ నొక్కితే గొంతు కంప్యూటర్ చుట్టూ తిరక్కుండా నేరుగా చెవికి వస్తుంది.

క్లిక్ ఆపేయండి, స్నాప్ (వాయించినదాన్ని తాళం గీతలకి అతికించేది) కూడా తీసేయండి. పాట ముందు, తాళం తర్వాత. ఆవిడ ఎలా పాడితే అలా రికార్డు చేసి, దాని మీద మీరు చేత్తో తబలా వాయించుకోండి, లూపులు (ఒకే వేగంలో తిరిగి తిరిగి మోగే రెడీమేడ్ ముక్కలు) మాత్రం వేయకండి, హారతి పాటలు చివరి చరణంలో సహజంగానే వేగం అందుకుంటాయి. తంబురా ఆవిడ చెవిలో మాత్రమే వినిపించండి, మైక్‌లోకి వెళ్తే తర్వాత తీయలేం.

ముందు ఆవిడ్ని తోచినట్టు పాడమని శ్రుతి పట్టుకోండి. ఐదు శ్రుతి అంటే మీ కీబోర్డు మీద జీ, ఐదున్నర అంటే జీ షార్ప్. చాలాసార్లు రెండిటి మధ్యలో ఉంటారు, అప్పుడు ఆవిడ్ని జరపకుండా తంబురా యాప్‌నీ మీ కీబోర్డు ట్యూనింగ్‌నీ జరపండి. వీణ కోసం పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందకీ జరిపే చక్రం) రేంజి మామూలుగా అటూ ఇటూ రెండు అర్ధస్వరాలే ఉంటుంది, దాన్ని 12 చేసి చక్రాన్ని నిదానంగా తిప్పడం నేర్చుకుంటే జారు (స్వరం నుంచి స్వరానికి జారే గమకం) కొంత వస్తుంది. కంపితం (స్వరాన్ని ఊపే గమకం) మాత్రం కీబోర్డు మీద నాకు ఇప్పటికీ తృప్తిగా రాలేదు. వీణ వాయించేవాళ్లు చుట్టుపక్కల ఉంటే ఒక పూట పిలవండి.

పిఠాపురం_కోడలు:

స్టూడియో వాళ్లు అసలు ఫైళ్లు ఇచ్చారు!! గమకాలన్నీ ఉన్నాయి, అత్తయ్య రెండుసార్లు విన్నారు. ఏటీ 2020, యూఎంసీ 202 వచ్చాయి, బొంతలు కట్టాం. కానీ పాట లేనప్పుడు సన్నగా "గుయ్" మంటోంది, లాప్‌టాప్ మీద చెయ్యి వేస్తే తగ్గుతోంది. మైక్ పాడైనదా అని టెన్షన్‌గా ఉంది.

ఐదున్నర_శ్రుతి:

మైక్ బాగానే ఉంది. చెయ్యి వేస్తే తగ్గుతోందంటే అనుమానం ఎర్తింగ్ మీదే. చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపి చూడండి, పోతే అదే. ఆ ప్లగ్ పాయింట్‌లో ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి, మీ భద్రతకి కూడా అది అవసరం. అప్పటిదాకా బ్యాటరీ మీదే కానివ్వండి. గెయిన్ (మైక్ శబ్దాన్ని పెంచే నాబ్) మరీ పెంచకండి, గట్టిగా పాడే చోట మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంటే చాలు.

పిఠాపురం_కోడలు:

చార్జర్ తీయగానే పోయింది. నిన్న తెల్లవారుజామున నాలుగింటికి ఐదు పాటలయ్యాయి, ఎక్కడా ఆగలేదు. ఫైళ్లు ఎంపీ 3 చేసి పెట్టుకోనా?

రాత్రి_మిక్సింగ్:

వాట్సాప్‌లో పంపడానికి ఎంపీ 3 చేసుకోండి, దాచుకోవడానికి మాత్రం 24 బిట్ వేవ్ (కుదించని ఫైలు). 48 కిలోహెర్ట్జ్ మోనో నిమిషానికి 8.6 ఎంబీ, ఒక్కోటి ఐదు నిమిషాలనుకున్నా 30 పాటలూ కలిపి ఒకటిన్నర జీబీ కూడా కాదు. ఒకటి హార్డ్ డిస్కులో, ఒకటి వేరే ఊళ్లో ఉన్నవాళ్ల దగ్గర పెట్టండి. పాటకీ పాటకీ మధ్య రికార్డింగ్ ఆపకండి. ఈ పాట ఎవరు నేర్పారు, ఏ పేరంటంలో పాడేవాళ్లు అని ఆవిడ మాట్లాడేది అప్పుడే.