గడ్డే లేదు, రిపోర్టులో లోబ్యులర్ కార్సినోమా (ఒక రకం రొమ్ము క్యాన్సర్) అని వచ్చింది

ప్రశ్న (అనంతపురం నుంచి):
అమ్మకు 58. ఒకరోజు శనక్కాయలు ఒలుస్తూ "ఎడమ పక్క రైక పట్టేస్తోందిరా" అంది. అక్క చూసి, గడ్డేమీ లేదు, ఒకచోట దళసరిగా ఉందంతే అంది. మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్‌రే) ఏమీ లేదన్నారు. నాలుగు నెలలు ఊరుకున్నాం. తర్వాత ఇంకో డాక్టరమ్మ చేత్తో చూసి కోర్ బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసే పరీక్ష) చేయించింది. ఇన్వేసివ్ లోబ్యులర్ కార్సినోమా, గ్రేడ్ 2 (మధ్యరకం), ఈఆర్ పాజిటివ్, హెర్2 (కణాలను పెంచే ఒక ప్రొటీన్) నెగెటివ్ అని రిపోర్టు. మామోగ్రామ్ తప్పు తీశారా? ఇప్పుడు ఎంఆర్ఐ రాశారు, అదెందుకు? అమ్మకు వాపు అనే చెప్పాం. వారంగా నిద్ర లేదు.

జవాబు (కర్నూలు):
తమ్ముడూ, నేను పాథాలజీ ల్యాబ్‌లో స్లైడ్లు చేస్తాను, డాక్టర్ని కాదు. రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా పాల నాళాల్లో మొదలవుతుంది. ఇది పాలు తయారయ్యే చిన్న గ్రంథుల్లో, అంటే లోబ్యూల్స్‌లో. నూటికి 10, 15 మందిలో ఈ రకమే. కణాలను ఒకదానికొకటి అంటిపెట్టే ఈ-క్యాడెరిన్ అనే ప్రొటీన్ ఇందులో సాధారణంగా ఉండదు. అందుకే ముద్ద కట్టవు, చీమల బారులాగా చుట్టూ ఉన్న రొమ్ము కణజాలంలోకి పాకుతాయి. ఇలాంటి స్లైడ్ మొదటిసారి చూసినప్పుడు ఏమీ లేదనే అనుకున్నాను నేను. మామోగ్రామ్‌కూ అదే చిక్కు. తీసినవాళ్ల తప్పే కానక్కర్లేదు. ఎంతదూరం పాకిందో, రెండో వైపు ఏమైనా ఉందో ఎంఆర్ఐలో మెరుగ్గా తెలుస్తుంది. ఆపరేషన్‌కు ముందే తీయించండి.

జవాబు (కడప):
నాయనా, నాదీ ఇదే రకం, 2019లో. ఈఆర్ పాజిటివ్ అంటే హార్మోన్‌ను అణిచే మాత్రలకు లొంగే రకం. ముట్లు ఆగినాక కాబట్టి నాకు లెట్రోజోల్ ఇచ్చినారు, రోజుకొకటి, ఐదేళ్లు. ఎముకలు పలచబడతాయని కాల్షియం కూడా. పొద్దున్నే మెట్లు దిగాలంటే కీళ్లు పట్టేసేవి, అది మాత్రం ఎవరూ ముందు చెప్పలేదు. చేర్చే ముందే ఆస్పత్రి సహాయ కౌంటర్లో ఎన్టీఆర్ వైద్యసేవ (ప్రభుత్వ వైద్య పథకం) కింద ఏమేం వస్తాయో అడుగు. ఇంకోమాట. మా ఇంట్లోనూ వాపు అనే చెప్పినారు. ఆస్పత్రి గోడ మీద బోర్డు చదివి తెలుసుకున్నా. మీ అమ్మకు నువ్వే చెప్పు.

ప్రశ్న అడిగినవారు:
కడప అక్కా, రాత్రి అమ్మకు చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఎంఆర్ఐకి ముక్కుపుడక తీయాలా అని అడిగింది. పెళ్లినాటి నుంచి తీయలేదట.

జవాబు (కర్నూలు):
తీయాల్సిందే తమ్ముడూ. బిగుసుకుపోయి ఉంటుంది, ముందురోజే బంగారు అంగడిలో తీయించండి.